గొంగళికి అటూ ఇటూ

నమ్మనివాళ్లు ఇప్పుడే చెయ్యెత్తండి. సగం విన్నాక "ఆగవయ్యా, ఇది కోతలా ఉందే" అంటే ఒప్పుకోను. ఈ కథ అనకాపల్లి బెల్లం మార్కెట్లో చెబితే బండెద్దులు సైతం నెమరు ఆపి విన్నాయి. అనుమానపు పక్షుల కోసం చివర్లో సాక్షి పేరు కూడా ఇస్తాను, ఊరూ సందూ సహా. వెళ్లి అడగండి. అంతవరకూ నోళ్లు మూసుకుని వినండి.

హేమాద్రి అని ఒక సినిమా దర్శకుడు. ఆ నెలంతా అతనికి కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటే మోకాలు ఊగేది. నిలబడితే మడమ ఆడేది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. మోగకపోతే ఎందుకు మోగలేదా అని ఉలిక్కిపడేవాడు.

కారణం లేకపోలేదు. ఇంకో పద్దెనిమిది రోజుల్లో అతని సినిమా విడుదల. అది మామూలు సినిమా కాదు. "త్రిశంకు నౌక"కి ముందుకథ, అంటే ఆ సినిమా మొదలవకముందు జరిగిన కథ.

"త్రిశంకు నౌక" అంటే ఏమిటో తెలియని కుర్రకారు కోసం చెబుతాను. ముప్ఫై ఆరేళ్ల కిందటి సినిమా. అటు భూమికీ ఇటు చుక్కలకీ చెందకుండా ఆకాశంలో ఒక నౌక తేలుతూ ఉంటుంది. అందులో ఏమైందో చూడ్డానికి నలుగురు వెళ్తారు. లోపల మనిషి ఉండడు. భోజనాల బల్ల మీద ఏడు కంచాలు ఉంటాయి. ఏడింటిలోనూ సగం తిని వదిలేసిన అన్నం. నడవా చివర ఒక మూసిన తలుపు. ఆ తలుపు వెనక నుంచి ఒక చప్పుడు.

అంతే. తలుపు వెనక ఏముందో సినిమా అయిపోయేదాకా చూపించలేదు. చప్పుడొక్కటే. ఆ చప్పుడికి విజయనగరం హాల్లో పంఖాలు వెనక్కి తిరిగాయి. శ్రీకాకుళంలో ఒక పెద్దాయనకి బట్టతల మీద వెంట్రుకలు మొలిచి మరీ నిక్కబొడుచుకున్నాయి. పార్వతీపురంలో ఆ సినిమా చూసొచ్చినవాళ్లు మూడు నెలలపాటు ఇళ్లలో ఏ తలుపూ మూయలేదు. బార్లా తెరిచిన తలుపులు చూసి ఇక్కడేదో ఉందని దొంగలే ఆ ఊరు మానేశారు.

ఆ చప్పుడు చేసినవాడు చప్పుళ్ల దాలినాయుడు. భీమిలి మనిషి. సినిమాలకి చప్పుళ్లు చేయడమే ఆయన విద్య. తెర మీద ఎముక విరిగితే అది ఆయన చేతిలో ములక్కాడ. తెర మీద వాన పడితే అది ఆయన చాటలో ఆవాలు. ఒకసారి రెండు తాటాకులతో తుఫాను చేస్తుంటే నిజమనుకుని విశాఖ రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. ఆయన తాటాకులు కింద పెట్టాకే దించారు.

దాలినాయుడికి ఒక పట్టింపు. చప్పుడు వినేవాడు అది దేంతో వస్తోందో చూడకూడదు. అందుకని ఆయన పనిచేసే చోట అడ్డంగా ఒక నల్ల గొంగళి వేలాడేది. ఆయన అటు. శిష్యులు ఇటు. "ఏం వినపడింది?" అని అడిగేవాడు. శిష్యుడు చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ చేసేవాడు. ఒప్పు చెబితే ఏమీ అనేవాడు కాదు. హేమాద్రి ఆయన దగ్గర తొమ్మిదేళ్లు చెవులు సాన పట్టుకున్నాడు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా గొంగళి దాటి అటు వెళ్లలేదు.

తర్వాత హైదరాబాద్ వెళ్లాడు. దర్శకుడయ్యాడు. రెండు సినిమాలు ఆడాయి. మూడోదానికి గురువుగారి పాత సినిమా మీదే చెయ్యి వేశాడు.

ఆ ఏడు కంచాల్లో అన్నం తిన్న ఏడుగురూ ఎవరు? ఎలా మాయమయ్యారు? తలుపు వెనక ఉన్నది ఏమిటి? జనం ముప్ఫై ఆరేళ్లుగా అడుగుతున్న ప్రశ్నలు. హేమాద్రి అన్నిటికీ జవాబిచ్చాడు. తలుపు తెరిచి చూపించాడు. దానికి పద్నాలుగు చేతులు. మూడు వరసల పళ్లు. అది పుట్టిన గ్రహం చూపించాడు, దాని గుడ్డు చూపించాడు, దాని తల్లిని చూపించాడు. బారసాల ఒక్కటే తక్కువ. ఆ చేతులు కదిలించడానికి రెండువందల మంది ఏడాదిపాటు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వాళ్లలో కొందరికి ఇప్పటికీ కలలో చేతులు ఎక్కువొస్తాయని చెబుతారు.

సినిమా పూర్తయ్యాక నలభైమందిని పిలిచి వేసి చూపించారు.

ఆ జంతువు మొదటిసారి కనబడగానే హాలంతా "అబ్బో" అంది. రెండోసారి ఎవరూ ఏమీ అనలేదు. మూడోసారి, అది ఏడుగురిలో నాలుగో మనిషిని పద్నాలుగు చేతులతో పట్టుకుంటుండగా, ముందు వరసలో ఒకావిడ సంచీలోంచి డబ్బా తీసి మూత విప్పింది. జంతికలు.

కరకర. కరకర.

ఆ చప్పుడు హేమాద్రి చెవుల్లోంచి పోలేదు.

నిర్మాత భుజంగరావు చివరి వరసలో కూర్చుని ఆ కరకర తనూ విన్నాడు. లేచి వచ్చి ఒక్క మాటే అన్నాడు. "ఇది పోతే నువ్వు మళ్లీ కెమెరా వెనక నిలబడవు. నేను నిలబడనివ్వను."

హేమాద్రి మూడు రోజులు నిద్రపోలేదు. నాలుగో రోజుకి ఒక నిర్ణయానికి వచ్చాడు. లోపం సినిమాలో లేదు. చప్పుడులో ఉంది. యంత్రాలతో చేయించిన కొత్త చప్పుడికి పస లేదు. గురువుగారి అసలు చప్పుడు రహస్యం చేతికొస్తే, ఆ పద్నాలుగు చేతులకీ ప్రాణం వస్తుంది. జంతికల డబ్బా మూత బిగుసుకుపోతుంది.

గురువుగారికి సినిమా కాపీ ముందుగా పంపించి, రెండు రోజులాగి, రాత్రికి రాత్రే కార్లో భీమిలి బయల్దేరాడు. మర్నాడు మధ్యాహ్నం విశాఖలో పత్రికలవాళ్లతో సమావేశం ఉందని భుజంగరావు కూడా కారెక్కాడు. దారి పొడుగునా హేమాద్రి మోకాలు ఊపుడికి కారు కూడా ఊగింది.

దాలినాయుడు ఉండేది సముద్రం ఒడ్డున, ఒకప్పుడు గోనెసంచులు దాచిన పాత గిడ్డంగిలో. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి గుమ్మంలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఒక్కో కాయ చెవి దగ్గర పెట్టి ఆడించి, గింజలెన్నో చెప్పి, అప్పుడు ఒలుస్తున్నాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఏటిరా హేమా, చిక్కిపోయావు."

హేమాద్రి కాళ్లకి దణ్ణం పెట్టాడు. భుజంగరావు కారు దిగకుండానే ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"గురువుగారూ, సినిమా చూశారా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"చేతులు బాగున్నాయి."

"చేతులేనా?"

"పద్నాలుగున్నాయి కదరా. లెక్కపెట్టాను. లెక్కపెట్టడానికి తీరిక దొరికింది."

హేమాద్రికి చెంప మీద కొట్టినట్టయింది. లేచాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"ఆడుతుందా, ఆడదా? ఒక్క మాట చెప్పండి."

"నేను జోస్యగాణ్ణి కాదు. చప్పుళ్లు చేసుకునేవాణ్ణి."

"అయితే ఆ చప్పుడివ్వండి. దేంతో చేశారో చెప్పండి. మీ రోజుల్లో చూపించే వీలు లేదు, కనక దాచారు. ఇప్పుడు వీలుంది, కనక చూపించాను. అందులో తప్పేముంది? మీరైనా వీలుంటే చూపించేవారు కాదా?"

ఆ చివరి మాటలో గొంతు కొంచెం లేచింది. దాలినాయుడు చేతిలో కాయ చెవి దగ్గర ఆడించాడు. "రెండు," అన్నాడు. ఒలిచాడు. రెండే ఉన్నాయి. లేచి గిడ్డంగి లోపలికి నడిచాడు.

లోపల అదే నల్ల గొంగళి. రంగు కాస్త వెలిసింది. మధ్యలో చిమ్మట కొట్టిన చిల్లు ఒకటి.

"అలా కూర్చో," అని దాలినాయుడు గొంగళి వెనక్కి వెళ్లాడు.

హేమాద్రి కూర్చున్నాడు. మోకాలు ఊగుతూనే ఉంది. బయట పట్టపగలు ఎండ. సముద్రం తన మానాన తను అరుస్తోంది.

అప్పుడు వచ్చింది ఆ చప్పుడు.

ఏదో పెద్ద గొంతు లోపల్లోపల మేలుకుంటున్నట్టు. ఆకలితో కాదు, విసుగుతో. నేల కింద నుంచి మొదలై వెన్ను మీదుగా పాకి, మెడ దగ్గర ఆగింది. బయట ఎగురుతున్న కాకులు ఎగురుతూనే ఆగిపోయాయి. సముద్రం ఒక కెరటం ఎగ్గొట్టింది. లక్షసార్లు విన్న చప్పుడే. అయినా హేమాద్రి కూర్చున్న బల్లని రెండు చేతులా పట్టుకున్నాడు.

చప్పుడు ఆగింది. గొంగళి అంచు పైకి లేచింది.

దాలినాయుడి ఒళ్లో ఒక జముకు ఉంది. పల్లెల్లో కథలు చెప్పే ఆడవాళ్లు చంకలో పెట్టుకుని వాయించేది. కుంచమంత డొల్ల, ఒక పక్క తోలు, తోలు మధ్యలోంచి బయటికొచ్చే నరం. వేళ్లతో మీటితే బుంయ్ బుంయ్ అంటుంది. దాలినాయుడు మీటలేదు. ఒక తడి గుడ్డతో ఆ నరాన్ని పట్టుకుని కిందికి లాగాడు.

"ఇదా?" అన్నాడు హేమాద్రి.

"ఇదే. మా అమ్మది. జముకుల కథ చెప్పేది. ఆవిడ పోయాక వాయించడం చేతకాక, తడిగుడ్డతో తుడుస్తుంటే అరిచింది."

దాలినాయుడు మళ్లీ లాగాడు. అదే గుడ్డ. అదే నరం. ఈసారి గొంగళి లేదు.

"ఇప్పుడేం వినపడింది?"

హేమాద్రి గుడ్డనీ నరాన్నీ మార్చి మార్చి చూశాడు. "గుడ్డ కనబడింది. నరం కనబడింది. చప్పుడు వినపడలేదు."

దాలినాయుడు ఏమీ అనలేదు.

"అంటే అయిపోయిందన్నమాట." హేమాద్రి లేచి పచార్లు మొదలెట్టాడు. "చూపిస్తే చస్తుంది. ముందుకథ అంటే చూపించడమే. కాబట్టి ముందుకథ అనేది తీయకూడదు. ఎవడు తీసినా తగలడుతుంది. అంతేగా మీరు చెప్పేది? సరే. హైదరాబాద్ వెళ్లి మొత్తం తుడిచేస్తాను. కెమెరా మానేస్తాను. జంతికలు అమ్ముకుంటాను."

"నేనేటన్నాన్రా?"

"ఇంకేమనాలి గురువుగారూ!"

బయట సైకిల్ బెల్లు మోగింది. దాలినాయుడు చెవి రిక్కించి, "పైడిరాజు. వెనక చక్రంలో గాలి తక్కువుంది," అన్నాడు.

పైడిరాజు గంటస్తంభం దగ్గర సెలూను నడిపే మనిషి. వారానికి రెండుసార్లు సైకిలేసుకొచ్చి దాలినాయుడికి గడ్డం చేసిపోతాడు. చెయ్యి అంటే చెయ్యి. నిద్రపోతున్న పిల్లి మీసం గీసి, పిల్లి నిద్ర లేవకుండా మళ్లీ అతికించగలడు. ఒక్క విషయంలోనే ఆ చెయ్యి వశంలో ఉండదు. చిన్నప్పుడు "త్రిశంకు నౌక" చూశాడు. అప్పట్నుంచి ఆ చప్పుడు చెవిన పడితే మనిషి మనిషిలో ఉండడు. ఒకసారి దారినపోయే ఆటోలో ఆ చప్పుడు వినిపిస్తే, పక్కూరి సర్పంచి మీసంలో ఎడమ సగం ఎగిరి వీధి అవతల పడింది. ఆయన తర్వాతి ఎన్నికల్లో ఒంటి మీసంతోనే నిలబడి నెగ్గాడు, అది వేరే కథ.

అందుకే దాలినాయుడి దగ్గర మాట తీసుకున్నాడు. "నాయుడుబాబూ, తమరు మహానుబావులు. కానీ నాను ఇక్కడున్నంతసేపూ ఆ సప్పుడు మాత్రం సెయ్యకండి." దాలినాయుడు మాటిచ్చాడు. పదకొండేళ్లుగా నిలబెట్టుకున్నాడు. ఆ మాట సంగతి హేమాద్రికి తెలుసు. శిష్యరికంలో ఉండగా అతని ఎదుటే ఇచ్చాడు.

"దండాలు బాబూ. కూసోండి, నురగ కలిపేస్తాను," అన్నాడు పైడిరాజు.

"నాకు తర్వాత. బయట కార్లో ఒకాయనున్నాడు. పత్రికలవాళ్ల ముందుకి మాసిన గడ్డంతో వెళ్తున్నాడు. ముందు ఆయనకి చెయ్యి. లోపలే చెయ్యి, బయట గాలికి నురగలో ఇసక పడుతుంది."

భుజంగరావుని పిలిచారు. ఆయన గొణుక్కుంటూ వచ్చి, గొంగళికి ఇవతల కుర్చీలో వాలాడు. పైడిరాజు మెడకి తువ్వాలు చుట్టాడు.

దాలినాయుడు హేమాద్రి మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఇటు రా."

తొమ్మిదేళ్లలో లేనిది, హేమాద్రి గొంగళి దాటాడు.

అటుపక్క ఏముందని! పగిలిన చాట, పాత చెప్పులు ఓ కుప్ప, తుప్పు పట్టిన తాళాలు, ఎండిన తాటాకులు, డబ్బాలో ఆవాలు. యుద్ధాలూ ప్రళయాలూ అన్నీ ఒక మూల పడున్నాయి. దాలినాయుడు పీట మీద కూర్చుని జముకు ఒళ్లో పెట్టుకున్నాడు. వేలితో చిల్లు చూపించాడు. హేమాద్రి కన్ను ఆనించాడు.

చిల్లులోంచి భుజంగరావు మొహం నిండా తెల్లటి నురగ.

"మీసం ముట్టుకోకు," అంటున్నాడు.

"ముట్టుకోకుండా ఎలాగండి? ముట్టుకుని వొదిలేస్తాను."

పైడిరాజు కత్తిని తోలుపటకా మీద నూరుతున్నాడు. సర్ర్, సర్ర్.

"సినిమా ఏటండి బాబూ మీది?"

"ఆకాశంలో నౌక."

"అమ్మో. ఆ సప్పుడుంటాదా?"

"ఉంటుంది."

"అయితే సెవుల్లో దూదెట్టుకుని సూస్తాను. మా పిల్ల తీసుకెల్తానంటోంది. ఇయ్యాల నర్సింగు పరీచ్చ రాస్తోందండి. పొద్దున్నే దణ్ణమెట్టుకుని యెల్లింది. పేసయితే మీ సినిమాకే."

భుజంగరావు నవ్వాడు. ఆయన నవ్వగా హేమాద్రి ఎన్నడూ చూడలేదు.

"నీ చెయ్యి చూస్తే మా నాన్న గుర్తొస్తున్నాడయ్యా. కాలవలో పడవ నడిపేవాడు. పడవలో కూర్చుని అద్దం లేకుండా గడ్డం గీసుకునేవాడు. నీళ్లు కదిలేవి, పడవ కదిలేది, చెయ్యి కదిలేది కాదు." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "నాకు ఈత రాదు. పడవవాడి కొడుకుని, ఎవరికీ చెప్పలేదు. ఆకాశంలో సినిమా తీశాను గానీ విమానం ఎక్కితే కళ్లు మూసుకుంటాను."

"తప్పేటుంది బాబూ, అందరికీ ఏదో ఒకటుంటాది. తల ఎనక్కి వాల్చండి."

భుజంగరావు తల వెనక్కి వాల్చాడు. ఏడాదిన్నరగా హేమాద్రి ఆయన నోరు చూశాడు, వేలు చూశాడు. ఆ మనిషికి ఒక మెడ ఉందనీ, దాని మీద చిన్న పుట్టుమచ్చ ఉందనీ ఇప్పుడే చూశాడు. కత్తి ఆ పుట్టుమచ్చ పక్కన ఆనింది.

వెనక నీళ్ల చప్పుడయింది. హేమాద్రి తిరిగి చూశాడు. దాలినాయుడు గుడ్డని చెంబులో ముంచి తీస్తున్నాడు.

హేమాద్రి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. దాలినాయుడు గుడ్డ పిండాడు. ఒక చుక్క నేల మీద పడింది.

టప్.

అవతల కత్తి ఆగింది. "పైన యెక్కడో నీల్లు కారతన్నట్టున్నాయి బాబూ."

"ఎండ కాస్తుంటే నీళ్లెక్కడివయ్యా?"

"ఏమో మరి." కత్తి మళ్లీ కదిలింది.

హేమాద్రి వంగి గురువుగారి మణికట్టు పట్టుకున్నాడు. ఆయన ఒక్కొక్క వేలే విడిపించి, చెయ్యి పక్కకి పెట్టాడు. మాటిచ్చారు కదా అని హేమాద్రి కళ్లతోనే అడిగాడు. ఆయన మొహంలో ఏమీ లేదు. వేలితో చిల్లు చూపించాడు. చూడమన్నట్టు.

చూడకుండా ఉండలేకపోయాడు.

"ఇప్పుడు గుటక మింగకండి బాబూ," అంటున్నాడు పైడిరాజు. రెండు వేళ్లతో చర్మం లాగి పట్టుకున్నాడు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకున్నాడు, పలక మీద రాసుకునే పిల్లాడిలా. భుజంగరావు కళ్లు మూసుకున్నాడు. పెదవుల మీద ఇంకా ఆ నవ్వు కాస్త మిగిలుంది. నీళ్లూ పడవా చూస్తున్నాడేమో.

వాళ్లిద్దరికీ తెలీదు. గుడ్డ తడిసిందని తెలీదు. ఇక్కడ ఒక ముసలాయన కూర్చున్నాడని తెలీదు. ఇంకో ఊపిరి తీసేలోగా ఆ చప్పుడు వస్తుందనీ, ఆ చెయ్యి ఎగురుతుందనీ, ఆ పిల్ల పరీక్ష రాసి ఇంటికొచ్చేసరికి...

"కత్తి తియ్యరా పైడిరాజూ!"

ఆ కేక హేమాద్రిదే. ఎలాంటి కేకనుకున్నారు? మధ్యాహ్నం పన్నెండింటికి రావలసిన విశాఖ బస్సు అది విని పావుగంట ముందే వచ్చేసింది. హేమాద్రి గొంగళిలో చుట్టుకుని, గొంగళితో సహా అవతల కుర్చీ పక్కన పడ్డాడు.

కత్తి ఎగిరింది. భుజంగరావు ఎడమ దవడ మీద ఆవగింజంత నెత్తురు మెరిసింది. ఆయన అద్దంలో చూసుకుని తల తెగిందనే అనుకున్నాడు. "ఎవడ్రా! ఎవడ్రా అది!"

"అమ్మ బాబోయ్! నా పిల్ల పరీచ్చ రోజున ఏటిది బాబూ!" పైడిరాజు పటిక ముక్క పట్టుకుని ఆ ఆవగింజ మీద రుద్దేస్తున్నాడు. "నాయుడుబాబూ, తమరేమన్నా..."

"మాటిచ్చాను కదరా," అన్నాడు దాలినాయుడు.

అందరూ అటు చూశారు. ఆయన పీట మీద కూర్చుని ఉన్నాడు. జముకు నేల మీద బోర్లించి ఉంది. గుడ్డ ఆయన భుజం మీద ఆరుతోంది. 

"నేను చప్పుడు చెయ్యలేదు. అరిచింది వీడు."

హేమాద్రి నేల మీదే ఉన్నాడు. మొహమంతా చెమట. 

దాలినాయుడు నిదానంగా వచ్చి అతని ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఏటిరా, అరిచావు?"

"గురువుగారూ..."

"ఇది ఏటో చూశావు కదా."

"చూశాను."

"గుడ్డా నరమే కదా."

"అవును."

"చూశాక పోయిందన్నావు కదా."

హేమాద్రి కుర్చీలో దవడ పట్టుకుని తిడుతున్న భుజంగరావుని చూశాడు. పైడిరాజు చేతిని చూశాడు. నేల మీద ఆరిపోతున్న ఆ ఒక్క నీటి చుక్కని చూశాడు.

దాలినాయుడు గొంగళి దులిపి భుజాన వేసుకున్నాడు.

"చిల్లులోంచి నువ్వు చూసింది గుడ్డని కాదురా, మనుషుల్ని. నీ జనాన్ని ఎటుపక్క కూర్చోబెట్టావు?"

ఆ మాట అని లేచి, కుర్చీ దగ్గరికి వెళ్లాడు. "మీరు లేవండి బాబూ, మీది అయిపోయింది. రా పైడిరాజూ, ఇక నా వంతు."

హేమాద్రి అలాగే కూర్చుని ఉన్నాడు. నెల రోజులుగా ఊగుతున్న మోకాలు ఆగిపోయిందని అతను గమనించలేదు. భుజంగరావు గమనించాడు. తిట్టడం ఆపాడు.

విడుదలకి మిగిలిన రోజుల్లో హేమాద్రి కత్తెర వెయ్యని చోటు లేదు. పద్నాలుగు చేతులూ పోయాయి. గ్రహం పోయింది, గుడ్డు పోయింది, తల్లి పోయింది. రెండువందల మంది కంప్యూటర్లవాళ్లు ఘొల్లుమంటే హుస్సేన్‌సాగర్ జానెడు లేచింది. మిగిలింది ఏడుగురు మనుషులు. నౌకలో వంట చేసుకుంటారు. ఉప్పు ఎక్కువైందని తగూలాడుకుంటారు. ఒకడు ఇంకొకడికి గడ్డం గీస్తాడు. ఈత రానివాడు ఆ సంగతి మొదటిసారి చెబుతాడు. చివర్లో ఏడుగురూ బల్ల ముందు కూర్చుని ఏడు కంచాలు పెట్టుకుంటారు. నడవా చివర తలుపు వెనక ఒక చుక్క పడుతుంది. "ఎక్కడో నీళ్లు కారుతున్నట్టున్నాయి," అంటుంది వాళ్లలో ఒకావిడ, ముద్ద కలుపుతూ. తెర చీకటైపోతుంది.

గురువుగారి చప్పుడు ఆ సినిమాలో ఒక్కసారి కూడా లేదు.

విజయనగరంలో మొదటి ఆట. ఆ ఏడుగురూ కంచాల ముందు కూర్చోగానే హాలు హాలంతా లేచి నిలబడింది. "తినకండర్రా! లేవండి! లేచి పోండి!" అని ఒకటే గోల. ఆ కేకలకి సముద్రం మీద పడవలు ఒడ్డుకొచ్చేశాయి. ముందు వరసలో ఒకావిడ జంతికల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయింది.

ఏం, నమ్మరా? భుజంగరావు ఎడమ దవడ మీద ఆవగింజంత గుర్తు ఇప్పటికీ ఉంది, ఎవరికి పడితే వాళ్లకి చూపిస్తాడు. అదీ చాలదంటే భీమిలి వెళ్లండి. గంటస్తంభం దాటాక ఎడమ చేతివైపు రెండో సందు, నీలం తలుపుల సెలూను. కుర్చీలో కూర్చుని తీరిగ్గా అడగండి. కత్తి మెడ మీద ఉండగా మాత్రం అడక్కండి. పేరు పైడిరాజు.